పుటను వర్ణించు భాష – పంచాయతీ రికార్డులు

గ్రామ పంచాయతీ కార్యాలయములలో నేడు రెండు విధములగు రికార్డులు కానవచ్చుచున్నవి. బీరువాలోని తీర్మానముల పుస్తకము, ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, జనన మరణ రిజిస్టరు ఒక విధము. కంప్యూటరులో భద్రపరచబడిన ప్రతులు రెండవ విధము. మొదటివాని మంచిచెడ్డలు మనకు తరతరములుగా తెలియును. చెద పట్టునా, వాననీరు తగులునా, సిరా వెలిసిపోవునా యని విచారించుట మనకు అలవాటే. రెండవ విధమగు రికార్డునకు చెద పట్టదు. కాని దాని చేటు దానికిని కలదు. అది యెట్టిదో గ్రహింపవలెనన్న, కంప్యూటరు ఒక పుటను ఏ రీతిగా జ్ఞాపకముంచుకొనునో, ఆ పుటను అచ్చు యంత్రమునకు ఏ భాషలో తెలుపునో, పాత కాగితమును స్కానరు ఏ రీతిగా చదువునో కొంత తెలిసికొనవలసియున్నది. ఇది ఇంజనీర్ల విషయమని త్రోసివేయదగినది కాదు. తీర్మానముపై సంతకము చేయు సభ్యుడు, ఆ తీర్మానము ఇరువది యేండ్ల తరువాత చదువుటకు వీలగునా కాదా యని అడుగుటకు హక్కు గలవాడు.

దాచేపల్లి ప్రాంతమునే ఉదాహరణముగా గైకొందము. దాచేపల్లి నగర పంచాయతీ యైనను, ఆ మండలమందలి తంగెడ, పొందుగల, మాదినపాడు, పెదగార్లపాడు వంటి ఊళ్లు గ్రామములుగనే యున్నవి. మిరప, ప్రత్తి పండించు ఈ సీమలో సేద్యపు పెట్టుబడి అధికము. పెట్టుబడికి ఋణము కావలెను; ఋణమునకు అడంగలు, 1-బి, దస్తావేజు నకలు కావలెను. వీనిలో ఏ ఒక్కదానియందైనను సర్వే నంబరులో ఒక్క అంకె తప్పుగా పడినచో, రైతు విత్తనము వేయవలసిన దినములలో కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. అంకె ఎచట తప్పినదో రైతునకు తెలియదు. పలుమారులు గుమాస్తాకును తెలియదు. గుమాస్తా సరిగనే వ్రాసియుండవచ్చును. తప్పు యంత్రములో జరిగియుండవచ్చును. అట్లు జరిగిన సందర్భము లోకములో ఉన్నది. దానిని ముందు చెప్పెదము.

కొలతల పుస్తకము, విమానపు ఫోటో

కంప్యూటరు ఒక పుటను రెండు దారులలో జ్ఞాపకముంచుకొనగలదు. ఈ భేదము మన సర్వేయర్లకు ఎన్నడో తెలిసినదే.

పూర్వపు మదరాసు రాజధానిలో జరిగిన సర్వే ప్రకారము ప్రతి సర్వే నంబరునకు క్షేత్ర కొలతల పుస్తకములో ఒక పుట కలదు. జనులు దీనిని ఎఫ్.ఎం.బి. యని వ్యవహరింతురు. అందు పొలము ఒక మూలనుండి వేరొక మూలకు ఒక ఆధార రేఖ గీయబడియుండును. ఆ రేఖ వెంబడి ఎన్ని లింకులు నడిచి, కుడికో ఎడమకో ఎన్ని లింకులు జరిగినచో గట్టు మలుపు వచ్చునో అంకెలతో వ్రాయబడియుండును. గొలుసు పొడవు 66 అడుగులు. అందు 100 లింకులు. (ఈ గొలుసును పదునేడవ శతాబ్దమున ఏర్పరచిన ఆంగ్లేయుని పేరు ఎడ్మండు గుంటరు. మన గుంటూరునకును ఆయనకును ఏ సంబంధమును లేదు.) ఆ అంకెలు నిలిచియున్నంత కాలము పటము చినిగిపోయినను సర్వేయరు మరల గీయగలడు. చిన్నదిగా గీయుమన్న చిన్నదిగా, గోడయంత గీయుమన్న గోడయంత గీయగలడు. కొలతలలో మార్పు రాదు.

అదే పొలమును విమానమునుండి ఫోటో తీసినారనుకొందము. గట్టు కనబడును, చెట్టు కనబడును, పొలములో నిలిచిన బండియు కనబడును. కాని గట్టు పొడవు ఎన్ని లింకులో ఫోటో తనంతట చెప్పదు. పెద్దది చేసిన కొలది మసకబారును. ఫోటోలో గట్టు వేరుగా, నీడ వేరుగా గుర్తింపబడియుండవు, అన్నియు మచ్చలే.

కంప్యూటరులోని పుట ఎఫ్.ఎం.బి. వలె నుండవచ్చును, ఫోటో వలె నుండవచ్చును. మొదటిది వర్ణన. ఈ అక్షరము ఈ చోట, ఇంత పరిమాణమున, ఈ ఆకృతిలో ఉండవలెనని వ్రాసిన పాఠము. రెండవది బొమ్మ. ఇచట నలుపు, ఇచట తెలుపు అని చుక్క చుక్కకు వ్రాసిన పట్టిక. తెరపై రెండును ఒకే తీరుగ కనబడును. కాగితముపై అచ్చు వేసినను ఒకే తీరుగ కనబడును. ఇందుచేతనే చిక్కులన్నియు పుట్టుచున్నవి.

మన ఇండ్లలో ముగ్గుల పుస్తకము నుంచుకొను స్త్రీలకు ఈ భేదమును వేరుగా బోధింపనక్కరలేదు. “15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు” అని ఒక్క వరుస వ్రాసికొన్నచో 169 చుక్కల ముగ్గు పీఠము సిద్ధమగును. ఆ వరుసను చదివి దాచేపల్లిలో వేసినను, మాచర్లలో వేసినను ఒకే పీఠము వచ్చును. వాకిలి చిన్నదైన చిన్నదిగా వేయుదురు. అదే ముగ్గును ఫోటో తీసి పంపినచో, చూచువారు చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కించుకొనవలెను.

చుక్కల లెక్క

నేటి సాధారణ ప్రింటరు కాగితముపై అక్షరమును గీతలుగా గీయదు. మిక్కిలి సన్నని చుక్కలను పేర్చును. అంగుళమునకు 300 చుక్కలనుకొన్నచో, ఎ-4 కాగితము అడ్డముగా 2,480 చుక్కలు, నిలువుగా 3,508 చుక్కలు అగును. మొత్తము 87 లక్షలకు కొంచెము తక్కువ. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో తెలుపుటకు ఒక గుర్తు చాలును. ఎనిమిది గుర్తులు ఒక బైటు. కనుక కేవలము నలుపు తెలుపుల పుటకు సుమారు 10 లక్షల 87 వేల బైట్లు కావలెను. రంగుల పుటకు దాని కిరువది నాలుగు రెట్లు, అనగా 2 కోట్ల 60 లక్షల బైట్లకు పైగా కావలెను.

ఆ పుటలోనే రెండు వేల తెలుగు సంకేతములున్నవనుకొందము. నేటి పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. అన్నియు కలిసి ఆరువేల బైట్లు. ఏ సంకేతము ఎచట నుండవలెనో తెలుపుటకు మరికొంత చేర్చినను, బొమ్మకును వర్ణనకును నడుమ నూరు రెట్లకు మించిన తేడా యుండును.

ఈ తేడా 1980 దశకమున జీవన్మరణ సమస్య యయ్యెను. 1984లో అమ్మకమునకు వచ్చిన తొలి మాకింటోషు కంప్యూటరు జ్ఞాపకములో పట్టునది 1 లక్ష 31 వేల బైట్లు మాత్రమే. పై లెక్క ప్రకారము ఒక్క పుట బొమ్మలో ఎనిమిదవ వంతు కూడ అందులో పట్టదు. ఇట్టి యంత్రము పుస్తకమును అచ్చు వేయుటెట్లు? పుట బొమ్మను తయారు చేసి ప్రింటరునకు పంపుట అసాధ్యము. పుటను వర్ణించి పంపి, బొమ్మను ప్రింటరే తయారు చేసికొనునట్లు చేయుటయే మార్గము. అందులకు ఒక భాష కావలసివచ్చెను.

క్రియ చివర వచ్చు భాష

ఈ భాషల పుట్టిల్లు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి పాలో ఆల్టో పట్టణము. అచట జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయము ఉండెడిది. మన పల్లెలలో నకలునకే పర్యాయపదమైన జిరాక్సు ఈ కంపెనీ పేరే. లేసరు కిరణముతో అచ్చు వేయు యంత్రమును 1970 దశకారంభమున అచట గారీ స్టార్క్‌వెదరు రూపొందించెను. దానికి పుటను తెలుపుటకు ఇంటర్‌ప్రెస్ అను వర్ణన భాషను అచటివారే రచించిరి. కాని కంపెనీ దానిని వెంటనే లోకమునకు వెల్లడింపలేదు. విసిగి, జాన్ వార్నాకు, చార్లెసు గెష్కీ అను నిరువురు శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి 1982 డిసెంబరులో అడోబ్ అను సంస్థను స్థాపించిరి. 1984లో వారు పోస్టుస్క్రిప్టు అను భాషను ప్రకటించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1985లో, ఆపిల్ కంపెనీవారి లేసర్‌రైటరు ప్రింటరు ఆ భాషను అర్థము చేసికొని అచ్చు వేయుచు బజారునకు వచ్చెను. వెల 6,995 డాలర్లు. ఈ ప్రింటరులో నున్న కంప్యూటరు, దానికి ఆజ్ఞలిచ్చు మాకింటోషు కంటె బలమైనది. నౌకరు యజమాని కంటె బలవంతుడైన సందర్భమిది.

ఈ భాష తీరు తెలుగువారికి వింతగా తోచదు. ఆంగ్లములో క్రియ ముందు, కర్మ వెనుక. పోస్టుస్క్రిప్టులో కర్మ ముందు, క్రియ వెనుక. మన వాక్యము కూడ అంతే గదా. ఆ భాషలోని ఆజ్ఞలను తెలుగున చెప్పినచో ఇట్లుండును: “72, 770 చోటునకు పొమ్ము. దాచేపల్లి యను మాటను చూపుము. పుటను వెలువరింపుము.” అంగుళమును 72 భాగములు చేసి, కాగితపు ఎడమవైపు క్రింది మూలనుండి లెక్కింతురు. కనుక పై ఆజ్ఞకు అర్థము ఎడమ అంచునుండి ఒక అంగుళము లోపలికి, పై అంచునుండి ఒక అంగుళము క్రిందికి వచ్చి ఆ మాట వ్రాయుమని. సర్వేయరు ఆధార రేఖపై ఇన్ని లింకులు నడిచి, ఇన్ని లింకులు జరిగినట్లే.

అక్షరముల ఆకృతులు సైతము చుక్కలుగా గాక వంపురేఖల కొలతలుగనే యుండును. ఇట్టి వంపులను లెక్కలలో పెట్టు పద్ధతిని ఫ్రాన్సులో రెనో మోటారు కంపెనీ యింజనీరు పియరు బెజియే 1960 దశకమున కార్ల ఆకారములు గీయుటకు ప్రచారములోనికి తెచ్చెను. కారు ముందుభాగపు వంపునకు, మన “ఱ” వంపునకు ఒకే గణితము. అందుచేత అదే వర్ణనను అంగుళమునకు 300 చుక్కల ప్రింటరునకు పంపిన ఆ మేరకు, వేయికి పైగా చుక్కలు వేయు ముద్రణాలయపు ఫిల్ము యంత్రమునకు పంపిన అంతకంటె నునుపుగా, అక్షరము తయారగును. వర్ణన మారదు.

ఇతర కంపెనీలును ఊరకుండలేదు. 1984లోనే హ్యూలెట్ పాకార్డువారు లేసర్‌జెట్ ప్రింటరును, దానికి తమదైన సులభతర సంకేత భాషను తెచ్చిరి. వెల తక్కువగుటచే అది కార్యాలయములలో విశేషముగా వ్యాపించెను. పోస్టుస్క్రిప్టు నుండియే 1993లో అడోబ్‌వారి పి.డి.ఎఫ్. పుట్టెను. నేడు మన కార్యాలయములలో వాడుకలోనున్నది ఇదియే. 2008లో దీనిని అంతర్జాతీయ ప్రమాణ సంస్థ తన ప్రమాణముగా స్వీకరించెను. కనుక ఇది యిపుడు ఒక్క కంపెనీ సొత్తు కాదు.

తెలుగు లిపికి కలిగిన చిక్కు

ఈ భాషలను రచించినవారి యెదుట నున్నది ఇరువది యారు అక్షరముల రోమను లిపి. ఒక ఫాంటులో 256 గడులు చాలునని వారు తలచిరి. తెలుగు అచ్చుకూటములను ఎరిగినవారికి ఇది ఎంత తక్కువయో తెలియును. గుణింతములు, ఒత్తులు, సంయుక్తాక్షరములు కలిసి సీసపు అక్షరముల కేసులలో వందలకొలది గడులుండెడివి. కంప్యూటరు ఫాంటులు చేసినవారు 256 గడులలోనే సర్దుకొనుటకు అక్షరములను ముక్కలు చేసిరి. తలకట్టు ఒక గడి, గుడి ఒక గడి, కొమ్ము ఒక గడి, ఒత్తులు కొన్ని గడులు. ముక్కలను ప్రక్క ప్రక్కన పేర్చినచో తెరపై తెలుగు కనబడును.

ఉపాయము మంచిదే, కాని ఏ ముక్క ఏ గడిలో నుండవలెనో అందరును కలిసి నిర్ణయింపలేదు. అను ఫాంటులది ఒక వరుస, శ్రీలిపి ఫాంటులది వేరొక వరుస, కొన్ని పత్రికలవి తమ సొంత వరుసలు. పెండ్లి శుభలేఖ అచ్చు వేయువరకు దీనివలన బాధ లేదు. కాని అదే పద్ధతిలో తయారైన తీర్మానపు ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో, తెలుగునకు బదులు రోమను అక్షరములు, గుర్తులు కలగాపులగముగా కానవచ్చును. కంప్యూటరునకు అందులో తెలుగున్నదని తెలియనే తెలియదు. “ఇంటిపన్ను” అని వెదకిన దొరకదు.

విదేశములలోని తెలుగువారికి ఈ బాధ ముందుగా తగిలెను. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి రైసు విశ్వవిద్యాలయములో నున్న తెలుగు విద్యార్థులు, రోమను లిపిలో కొట్టిన తెలుగును తెలుగు లిపిలో అచ్చు వేయు ఒక ప్రోగ్రామును 1990 దశకమున తయారు చేసిరి. చెప్పవలసిన పాఠము వేరుగా, దానిని చూపు ఆకృతి వేరుగా ఉంచుట దాని సూత్రము. మన దేశమున భారత ప్రమాణాల సంస్థ 1991లో భారతీయ లిపులన్నిటికి ఒక సంకేత ప్రమాణమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే వెలువడిన యూనికోడు అను ప్రపంచ ప్రమాణములో తెలుగునకు 128 గడులు కేటాయింపబడినవి.

యూనికోడులో ముక్కలకు గాక అక్షరములకే సంకేతములు. “దాచేపల్లి” అను మాటలో ద, దీర్ఘము, చ, ఏత్వము, ప, ల, పొల్లు, ల, గుడి – వెరసి తొమ్మిది సంకేతములు, 27 బైట్లు. వీనిని కూర్చి, రెండవ “ల”ను ఒత్తుగా క్రింద నుంచుట ఫాంటు పని. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పితో గౌతమి యను తెలుగు ఫాంటు లభించినది. అటు తరువాత తిరుమల కృష్ణ దేశికాచారి గారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు, సిలికానాంధ్ర సంస్థ రాష్ట్ర ప్రభుత్వ సహకారముతో వెలువరించిన మండలి, గిడుగు, గురజాడ, రామభద్ర మున్నగునవి ఉచితముగ లభించుచున్నవి. కనుక యూనికోడు ఫాంటు వెలపెట్టి కొనవలెనను సాకు నేడు చెల్లదు. ఐనను అనేక డి.టి.పి. కేంద్రములలో పాత ఫాంటులే వాడుకలో నున్నవి. అలవాటు వదలుట కష్టమే. కాని పంచాయతీ రికార్డును ఆ అలవాటునకు బలి చేయరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

యూనికోడులో కొట్టిన పాఠము కూడ పి.డి.ఎఫ్.గా మారునపుడు ఒక మెలిక కలదు. “ల్లి” అను అక్షరమును మనము పలుకునది, యూనికోడు వ్రాసికొనునది ల్ తరువాత లి. కాని కాగితముపై గీయునపుడు ముందు “లి”, దాని క్రింద ఒత్తు. పి.డి.ఎఫ్. గీయు క్రమమునే భద్రపరచును. ఏ ఆకృతి ఏ అక్షరమునకు చెందినదో తెలుపు పట్టికను దానితో జతచేయవలెను. జతచేయనిచో చూచుటకు చక్కగా నుండును, నకలు తీసి వేరొకచోట అతికినచో ఒత్తులు, గుడులు చెల్లాచెదరగును. అందుచే పి.డి.ఎఫ్. తోబాటు మొదట కొట్టిన పాఠపు ఫైలును కూడ దాచుట అవసరము. చిరకాలము నిలువవలసిన రికార్డుల కొరకు 2005లో పి.డి.ఎఫ్.-ఎ అను ప్రత్యేక ప్రమాణము ఏర్పడినది. వాడిన ఫాంటులన్నియు ఫైలులోనే ఇమిడియుండవలెనని దాని నిబంధన.

21.11 అనునది 14.13 అయిన కథ

ఇంతవరకు కంప్యూటరులో పుట్టిన పుటల సంగతి. బీరువాలోని పాత కాగితముల సంగతి వేరు. వానిని వర్ణింపగల భాష లేదు, బొమ్మ తీయవలసినదే. స్కానరు చేయునది అదియే. (ఆసుపత్రి స్కానింగునకును దీనికిని పోలిక పేరులోనే.)

మన రాష్ట్రమున ఈ పని పెద్ద యెత్తున ముందుగా చేపట్టినది రిజిస్ట్రేషను శాఖ. అంతకు పూర్వము దస్తావేజులను గుమాస్తాలు చేతివ్రాతతో పుస్తకములలోనికి ఎత్తి వ్రాసెడివారు. 1998 నవంబరులో కార్డు అను పేర సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో కంప్యూటరు పద్ధతి ప్రారంభమై, ఎత్తి వ్రాయుటకు బదులు దస్తావేజు ప్రతిబింబమునే భద్రపరచు ఏర్పాటు జరిగెను. వ్రాత తప్పులు పోయినవి. కాని ప్రతిబింబములు ఫోటో జాతివి. అందలి సర్వే నంబరును కంప్యూటరు చదువదు. వేరుగా కొట్టి చేర్చిన వివరముల వలననే అది వెదకగలదు.

బొమ్మలకు కూడ ఒక ఉమ్మడి పద్ధతి లేక తొలినాళ్లలో ప్రతి స్కానరు కంపెనీ తన దారిని తాను పోయెడిది. 1986లో ఆల్డసు అను అమెరికా కంపెనీ వారందరును అంగీకరింపదగిన టిఫ్ అను ఫైలు రూపమును ప్రకటించెను. బొమ్మను కుదించుటకు అంతర్జాతీయ టెలిగ్రాఫు, టెలిఫోను సలహా సంఘము ఫ్యాక్సు యంత్రముల కొరకు 1984లో ఏర్పరచిన గ్రూపు-4 పద్ధతి అందులో వాడుకలోనికి వచ్చెను. దాని ఉపాయము సులభము. వరుసలోని 2,480 చుక్కలు తెల్లనివే యైనచో, ఆ మాట ఒక్కమారు చెప్పిన చాలును. 2,480 మారులు “తెలుపు” అననక్కరలేదు. పై వరుసకును దీనికిని తేడా యున్నచోటనే చెప్పుట మరియొక పొదుపు. విప్పినపుడు ఒక్క చుక్కయు మారదు. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొలది పాత తెలుగు పుస్తకములు టిఫ్ బొమ్మలుగనే భద్రపరచబడినవి. చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డి గారు ప్రేరకులైన ఆ మహాకార్యము లేకున్నచో అందు అనేక పుస్తకములు నేడు కంటికి కనబడెడివి కావు. కాని లోపలి మాట వెదకుటకు వీలులేక పాఠకులు పడిన ప్రయాస కూడ తక్కువది కాదు.

ఫోటోలకై 1992లో ప్రమాణమైన జెపెగ్ పద్ధతి వేరు. అది కంటికి ఆనని సూక్ష్మములను వదలివేసి కుదించును. ముఖమునకు, పొలమునకు బాగుండును. అక్షరముల అంచులకు మసి పూసినట్లగును. సున్నలోని తెలుపు పూడిపోవును. “థ”లోని చుక్క కలిసిపోయి “ధ” యనిపించును. సెల్‌ఫోనుతో చీకటి గదిలో తీసి, మరల మరల పంపిన రిజిస్టరు పుట చదువరాకపోవుటకు హేతువిదియే.

చదువరాని పుట కంటె అపాయకరమైనది, చక్కగా చదువవచ్చుచు తప్పు చెప్పు పుట. 2000 ప్రాంతమున జెబిగ్-2 అను కుదింపు పద్ధతి వచ్చెను. అది పుటలోని అక్షరములను పోల్చి చూచి, ఒకే తీరుగ నున్నవానికి ఒక్క బొమ్మనే ఉంచి, మిగిలినచోట్ల దానినే వాడును. పోలిక గట్టిగా చూచినంత కాలము మేలే. 2013 ఆగస్టులో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక భవనపు ప్లానును జిరాక్సు వర్కుసెంటరు యంత్రముపై స్కాను చేయగా, మూడు గదుల వైశాల్యములు మారినట్లు బయటపడెను. కాగితముపై నున్నవి 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాను ప్రతిలో మూడింటికిని 14.13 అనియే యున్నది. మరికొన్ని కాగితములలో 6 అంకె 8గా మారెను. మసక లేదు, చెరిపిన గుర్తు లేదు. అంకెలు స్ఫుటముగా నున్నవి. యంత్రము ఒక అంకె బొమ్మను తెచ్చి వేరొక అంకె స్థానమున అతికినది. కంపెనీవారు అటుపిమ్మట సవరించిన ప్రోగ్రామును విడుదల చేసిరి. 2015లో జర్మనీ, స్విట్జర్లాండు అధికారులు చిరకాల రికార్డులకు ఈ కుదింపును వాడరాదనిరి.

మన సర్వే నంబరు 136 అట్టి యంత్రములో 138 అయినచో? కాగితము బీరువాలో నున్నంత కాలము సరిచూచుకొనవచ్చును. స్కాను చేసితిమి గదా యని కాగితమును తూకమునకు వేసినచో ఏది నిజమో చెప్పుట ఎవరికిని శక్యము కాదు.

బొమ్మలోని అక్షరములను చదివి పాఠముగ మార్చు విద్యయు కలదు. అచ్చు తెలుగును యంత్రముచే చదివించు ప్రయత్నమును రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు గారలు 1977లోనే ప్రకటించిరి. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు పూర్తి విధానము నొకదానిని ప్రచురించిరి. నేడు ఉచిత ప్రోగ్రాములు సైతము తెలుగును చదువుచున్నవి. శుభ్రమైన అచ్చు పుటలో ఫలితము చాల మెరుగు. కరణముల చేతివ్రాతలో దానిని నమ్మరాదు. అది చదివిన పాఠము వెదకుటకు మాత్రమే. సాక్ష్యమునకు బొమ్మ, ఆ వెనుక కాగితము ఉండవలెను.

కార్యాలయములో చూచుకొనదగినవి

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ రికార్డును అంగీకరించుచు, అది తరువాత కూడ తెరచి చూచుటకు వీలుగా నుండవలెనని షరతు పెట్టినది. 2005 సమాచార హక్కు చట్టము రికార్డులకు జాబితా, సూచిక ఉంచవలెననుచున్నది. ఈ రెండును పంచాయతీకి వర్తించును. స్కాను చేసిన వేయి పుటలకు “స్కాను1”, “స్కాను2” అని పేర్లు పెట్టి వదలినచో రెండవ చట్టము నెరవేరినట్లు కాదు. రిజిస్టరు పేరు, సంవత్సరము, పుట సంఖ్య ఫైలు పేరులోనే యుండవలెను. ఇది పావుగంట పని. చేయనిచో తరువాత పావు సంవత్సరపు పని.

స్కాను చేయించు పని కాంట్రాక్టునకు ఇచ్చునపుడు సభ్యులు అంగుళమునకు 300 చుక్కలకు తగ్గరాదనియు, కుదింపులో అంకెలు మారు పద్ధతి వాడరాదనియు వ్రాయించుట మంచిది. పని ముగిసిన పిమ్మట ఏ ఇరువది పుటలనైనను ఎన్నుకొని, అంకెలను కాగితముతో బిగ్గరగా చదివి పోల్చుడు. ఒకరు కాగితము చూచి, మరొకరు తెర చూచి చదువవలెను. సీసపు అక్షరముల కాలమున ప్రూఫులు దిద్దినది ఇట్లే.

డిజిటల్ సంతకము గల సర్టిఫికెట్ల విషయమున ఒక మాట. 2011లో మీసేవ ప్రారంభమైన నాటినుండి ఇవి గ్రామములలో పరిచితములే. సంతకము ఫైలులో నున్నది, కాగితముపై లేదు. ఫైలులో ఒక్క బైటు మారినను పరీక్షలో తెలిసిపోవును. కాని దానిని అచ్చు వేసి, మరల స్కాను చేసినచో వచ్చునది బొమ్మ మాత్రమే. సంతకపు బలము దానికి రాదు. మూల ఫైలును దాచుకొనుమని రైతులకు చెప్పుడు. కాటావద్ద ఇచ్చు చిన్న రసీదులు అనేకము వేడికి నల్లబారు కాగితముపై ముద్రింపబడుచున్నవి. అవి వేసవి తిరుగకముందే వెలిసిపోవును. ప్రత్తి తూకపు చీటీ యైనను, మిరపకాయల తక్‌పట్టీ యైనను అట్టి కాగితమైనచో ఆ దినముననే నకలు తీయుట మేలు.

తమ కంప్యూటరులోని రికార్డు ఏ జాతిదో తెలిసికొనుటకు ఇంజనీరు రానక్కరలేదు. ఫైలును తెరచి ఎనిమిది రెట్లు పెద్దది చేసి ఒక అక్షరపు అంచును చూడుడు. అంచు మెట్లు మెట్లుగా కనబడినచో అది బొమ్మ. నునుపుగా నిలిచినచో వర్ణన. పిమ్మట వెదకు గడిలో మీ గ్రామము పేరు తెలుగున కొట్టుడు. పేరున్న చోటెల్ల చూపినచో పాఠము యూనికోడులో నున్నది. ఫైలును, దాని మూల పాఠమును రెండుచోట్ల దాచిన చాలును. పుట నునుపుగా నుండియు పేరు దొరకనిచో, ఒక వాక్యమును నకలు తీసి వేరొకచోట అతికి చూడుడు. తెలుగునకు బదులు రోమను అక్షరములు వచ్చినచో అది పాత ఫాంటులో కొట్టిన రికార్డు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరు పాడుకాకముందే దానిని యూనికోడునకు మార్పింపవలెను. మార్చు ప్రోగ్రాములు నేడు లభించుచున్నవి. మార్చిన పిమ్మట పేర్లను, సర్వే నంబర్లను, మొత్తములను కార్యదర్శియు ఒక సభ్యుడును కలిసి మూలముతో సరిచూచి, సరిచూచిన తేదీని ఫైలులో వ్రాయవలెను.